ఊ కొట్టకూడదట

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు ఆసుపత్రి జీపుకి వైర్‌లెస్ సెట్టు బిగించారు. బెజవాడ నుంచి నాగబాబు అనే మెకానిక్కు వచ్చాడు. పోయినేడు వరదకి మూడు రోజులు ఫోన్ టవర్లు పడుకున్నాయి. లంకల్లో జనం గట్టు మీద నిలబడి తువ్వాళ్ళు ఊపారు తప్ప మాకు కబురు అందలేదు. అప్పటినుంచి ఆసుపత్రి నడిపే ఫాదర్ గారు ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చారు. ఆసుపత్రిలో ఒక సెట్టు, నా జీపులో ఒకటి, యేసుకుమార్ తోలే వ్యానులో ఒకటి.

నాగబాబు పనిమంతుడే. కరెంటు తీగ నేరుగా బ్యాటరీ నుంచే లాగాడు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాడు. యాంటెన్నా టాపు మీద సరిగ్గా నడిమధ్య నిలబెట్టాడు. ఎర్తు దగ్గర మాత్రం దొరికాడు. పెయింటు మీదే బోల్టు బిగించబోతుంటే ఆపాను.

"పెయింటుకి ఎర్తు దొరుకుతుందటయ్యా? గీకు."

"కొంచెం గీకానండీ బాబాయ్ గారూ."

"కొంచెం కాదు. ఇనుము తెల్లగా కనపడేదాకా గీకు."

గీకాడు. "మీరు ఎలక్ట్రీషియన్ పని చేశారాండీ?" అని అడిగాడు. ఇబ్రహీంపట్నంలో ఇరవై రెండేళ్ళు కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీ తోలాను, నడిరోడ్డు మీద బండి ఆగితే దానికి ఎలక్ట్రీషియన్నీ నేనే, డాక్టర్నీ నేనే అన్నాను. చదివింది మూడో తరగతి. అయినా తీగల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆఖరికి స్పీకరు. "ఎక్కడ పెట్టమంటారు? కుడి డోరు పక్కన పెడితే చెవి దగ్గరే ఉంటుంది" అన్నాడు.

"అందరికీ ఎక్కడ పెడతావు?"

"మామూలుగా డ్యాష్‌బోర్డు కింద, ఎడమ పక్కకండీ."

"అయితే నాకూ అక్కడే పెట్టు. నాకేమన్నా చెవుడా?" అని అరిచాను. పాపం, అతనేమన్నాడని.

ఆగస్టు 5

సెట్టు బాగుంది.

ఆగస్టు 6, బుధవారం

ఆసుపత్రిలో సెట్టు ముందు కూర్చునేది హెప్సిబా. నర్సు చదివిన పిల్ల. ఏడాదికోసారి కాగితం రాసుకునే ఉద్యోగం. ఈరోజు నాకు పాఠం చెప్పింది. అరవై ఎనిమిదేళ్ళకి నాకు మళ్ళీ బడి.

"తాతగారూ, బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. నొక్కినంతసేపూ మీరు మాట్లాడతారు. వదిలితే నేను మాట్లాడతాను. చివర్లో ఓవర్ అనాలి."

ఓవర్ అంటే అయిపోయింది అనుకున్నాను. కాదట. నా మాట అయింది, ఇక నీ వంతు అనట. మొదటిసారి ఆ పిల్ల సెట్టులో "ఓవర్" అనగానే, "ఎవరమ్మాయ్ ఓవర్ చేసేది?" అన్నాను. వ్యానులోంచి యేసుకుమార్ పగలబడి నవ్వాడు. మూడు సెట్లదీ ఒకటే గాలి. ఎవరు ఏమన్నా అందరికీ చేరుతుంది.

ఇంకో గొడవ ఊ దగ్గర వచ్చింది. ఆ పిల్ల చెబుతుంటే నేను అలవాటు కొద్దీ నొక్కి ఊ అన్నాను. కాసేపాగి మళ్ళీ ఊ అన్నాను.

"తాతగారూ, మధ్యలో ఊ కొట్టకూడదండీ. మీరు ఊ అంటే ఆ కాసేపూ నా మాట మీకు రాదు."

మనిషి మాట్లాడుతుంటే ఊ కొట్టకుండా ఎట్లా ఉండేది? గోడకి చెప్పుకున్నట్టు ఉండదూ?

"అంతా అయ్యాక కూడా ఊ అంటే చాలదు. నేను చెప్పిన ఊరి పేరు మీరు నాకు తిరిగి చెప్పాలి."

"తిరిగి చెప్పడానికి నేను చిలకనా?"

"చిలకేనండీ. చిలక పలికితేనే నాకు నమ్మకం. ఓవర్."

"చిలక తాతా, జాంకాయ కావాలా? ఓవర్" అన్నాడు యేసుకుమార్. వాడికి నా జీపు మీద కన్ను ఎప్పటినుంచో ఉంది.

ఆగస్టు 9, శనివారం

సెట్టు బాగోలేదు. మాట గరగర మంటోంది. పొద్దున్నే ఎర్తు విప్పి చూశాను, ఇనుము తెల్లగా ఉంది. కేబులు ఎక్కడా మడత పడలేదు. యాంటెన్నా మర గట్టిగా ఉంది. ఇంజను ఆపి విన్నాను, కొంచెం నయం. నాగబాబుకి ఫోన్ చేస్తే సెట్టులో ఏ లోపమూ లేదంటాడు. వ్యానులో బాగానే వినపడుతోందట.

స్పీకరే చెడ్డది వచ్చింది.

ఆగస్టు 15, శుక్రవారం

మరియమాత పండుగ, జెండా పండుగ ఒకటే రోజు. గుడి నుంచి రాగానే మా ఆవిడ శౌరమ్మ కొత్త చీర మార్చకుండా గుమ్మంలో కూర్చుంది.

"ఏవయ్యా, ఇంకా లుంగీలోనే ఉన్నావు?"

"ఎక్కడికి?"

"కొండపల్లి. మా చెల్లెలింటికి. వస్తానన్నావుగా."

"ఎప్పుడన్నాను?"

"మంగళవారం అడిగితే ఊ అన్నావు."

నేనన్నానట. ఈమె మాట నోట్లోనే నములుతుంది. గట్టిగా చెప్పి ఏడిస్తే కదా. బస్సెక్కి ఒక్కతే వెళ్ళింది.

ఆగస్టు 20

నిద్ర పట్టడం లేదు, ఉక్క. శౌరమ్మ తన మంచం కిటికీ దగ్గరనుంచి తీసి నా కుడి పక్కన వేసుకుని మూడేళ్ళయింది. ఫ్యాను గాలి కోసమట. ఫ్యాను ఉంది ఎడమ పక్కన. ఆడవాళ్ళ లెక్క ఆడవాళ్ళది.

ఆగస్టు 27, బుధవారం

చిన్నలంక అనే అంది.

ఆగస్టు 28, గురువారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

పదకొండు గంటలప్పుడు కరకట్ట మీద ఉన్నాను. రెండు రోజులుగా బ్యారేజీ గేట్లు ఎత్తారు, లంకల చుట్టూ ఎర్రనీళ్ళు. ఫోన్లు ఉదయం నుంచీ అందడం లేదు. ఎదురుగా ఇసుక లారీలు మూడు వచ్చాయి. అప్పుడే సెట్టు మోగింది. హెప్సిబా గొంతు. పసుపు చేలో పని చేస్తుంటే ఒకామెకి పాము కరిచిందని, పేరు పెద్దింట్లమ్మ అని, గట్టు మీదకి మోసుకొస్తున్నారని, కబురు మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు తెచ్చాడని. ఊరు చిన్నలంక.

చిన్నలంక అనే అంది. నేను ఊ అన్నాను. ఆ పిల్ల మళ్ళీ ఏదో అంది. మళ్ళీ ఊ అన్నాను. గేరు మార్చి అవనిగడ్డ వైపు తోలాను.

చిన్నలంక గట్టు మీద ఒక మేకల గుంపు తప్ప ఎవరూ లేరు. మేకల ఆమెను అడిగితే, "మా ఊళ్ళో పామేంటి, పట్టపగలు ఆ కూతలేంటి?" అంది. అక్కడ కట్ట వంపులో సెట్టు కూడా సరిగా అందలేదు. వెనక్కి వచ్చి ఎత్తు మీద బండి ఆపి, ఇంజను ఆపి నొక్కాను. అప్పుడు వినపడింది.

"తాతగారూ, ఎక్కడున్నారు? చింతలంకలో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఓవర్."

చింతలంక బెజవాడ వైపు. మధ్యలో పద్దెనిమిది కిలోమీటర్లు.

యాభై నిమిషాలు పోయాయి. నేను వెళ్ళేసరికి ఆమె మొగుడు రాముడు నులక మంచం మీద ఆమె తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. చెయ్యి మోచేతిదాకా వాచింది. నన్ను చూసి రాముడు మంచం ఒక పక్క ఎత్తాడు. మా ఆసుపత్రికి తెచ్చాను. అక్కడ ఇంజెక్షన్లు పెట్టి, ఊపిరి అందడం లేదని బెజవాడ పంపారు. బెజవాడదాకా నేనే తోలాను. దారిపొడుగునా రాముడు ఏమీ అనలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఊపిరి మిషను మీద పెట్టారు. డాక్టర్లు ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

ఆగస్టు 29, శుక్రవారం

ఫాదర్ గారు గదిలోకి పిలిచారు. హెప్సిబా అప్పటికే నిలబడి ఉంది.

"అంతోనీ గారూ, ఈ అమ్మాయి ఏ ఊరు చెప్పింది?"

"చిన్నలంక."

"లేదండీ ఫాదర్. చింతలంక అని రెండుసార్లు చెప్పాను. తాతగారు ఊ అన్నారు. పేరు తిరిగి చెప్పమన్నాను. మళ్ళీ ఊ అన్నారు."

యేసుకుమార్ ఆ వేళ మంగళగిరిలో ఉన్నాడు, వాడి సెట్టుకి అంత దూరం అందదు. సాక్షి లేడు. ఫాదర్ గారు నా మొహం చూశారు.

"పదకొండేళ్ళుగా ఆయన ఒక్క తప్పు దారి పట్టలేదమ్మా" అన్నారు.

ఆ పిల్ల నావైపు తిరిగి ఏదో అంది. నాకు ఎడమ పక్కన నిలబడింది. ఏమందో.

నేనేమీ అబద్ధం చెప్పలేదు. నాకు వినపడింది చెప్పాను. చిన్నలంక అన్నట్టే వినపడింది.

ఆగస్టు 30, శనివారం

హెప్సిబాని సెట్టు మీదనుంచి తీసేశారు. పదో తారీఖుతో కాగితం అయిపోతుందట, మళ్ళీ రాయరట. సెట్టు ముందు సిస్టర్ అమలమ్మ గారిని కూర్చోబెట్టారు.

సాయంత్రం పాపసంకీర్తనానికి వెళ్ళాను. తాగడం, తిట్టడం, శౌరమ్మ మీద చెయ్యెత్తడం (ఎత్తాను, కొట్టలేదు) అన్నీ చెప్పుకున్నాను. ఇది చెప్పలేదు. పాపం అయితే కదా. ఫాదర్ గారికీ నాకూ మధ్య ఉండే జాలీ నా ఎడమ పక్కకి వస్తుంది. అవతలనుంచి ఫాదర్ గారు ప్రాయశ్చిత్తం చెప్పారు. ఎన్ని జపాలో అందలేదు.

ఊ అన్నాను.

ఆగస్టు 31

లెక్క తెలియక పది జపాలు చెప్పాను. ఎందుకైనా మంచిదని ఇంకో పది.

సెప్టెంబరు 2, మంగళవారం

బెజవాడ కబురు. పెద్దింట్లమ్మకి మిషను తీసేశారు, ఊపిరి తనే తీసుకుంటోంది. చూపుడు వేలు మాత్రం నల్లబడింది, తీసెయ్యాలంటున్నారట. ముందే వచ్చి ఉంటే ఉండేదా అని నేను అడగలేదు.

హెప్సిబా వార్డులో దుప్పట్లు మడత పెడుతోంది. ఎదురుపడితే తప్పుకుందామనుకున్నాను. ఆ పిల్లే ఆగింది.

"తాతగారూ, అన్నం తిన్నారా?"

ఇది వినపడింది. కుడి పక్కనుంచి వచ్చింది.

సెప్టెంబరు 3

చిన్నలంక అంది అనుకున్నాను.

సెప్టెంబరు 4, గురువారం

మధ్యాహ్నం అన్నం తింటుంటే శౌరమ్మతో అన్నాను, ఆ పిల్ల ఉద్యోగం పోతోంది, ఏం చేస్తాం, మాట స్పష్టంగా ఉండాలి అని. శౌరమ్మ పులుసు గిన్నె కింద పెట్టింది.

"ఏవయ్యా, నిజం చెప్పు. ఆ పిల్ల మాట స్పష్టంగా లేదా, నీ చెవి స్పష్టంగా లేదా?"

"నా చెవికేం?"

"మూడేళ్ళ నాడు నేను మంచం ఎందుకు మార్చుకున్నాననుకున్నావు?"

"ఫ్యాను గాలికి అన్నావుగా."

"ఫ్యాను అవతల పక్కన ఉంటే నాకు గాలెక్కడిదయ్యా?" అంది. "ఎడమ పక్కన పడుకుని నేను చెప్పేవి ఒక్కటీ నీకు చేరేవి కాదు. అన్నిటికీ ఊ అనేవాడివి. మా తమ్ముడు పోయాడని చెప్పినా ఊ అనే అన్నావు. ఆ రోజు తెలిసింది నాకు. నీకు సిగ్గని నోరెత్తలేదు."

కంచంలో చెయ్యి కడిగేశాను.

"నా సంగతంటే నీ పెళ్ళాన్ని, సర్దుకున్నాను. ఆ పిల్ల ఎక్కడికి మార్చుకుంటుంది మంచం?"

సెప్టెంబరు 5, శుక్రవారం

జీపు షెడ్డులో కూర్చుని చేతి గడియారం విప్పాను. కుడి చెవికి పెట్టుకున్నాను. టిక్కు టిక్కు. ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఆగిపోయిందేమోనని చూస్తే ముల్లు తిరుగుతూనే ఉంది.

నాలుగుసార్లు చూశాను.

బూడిద లారీలో ఇంజను డ్రైవరుకి ఎడమ పక్కనే ఉండేది. ఇరవై రెండేళ్ళు అది ఆ చెవిలోనే అరిచింది. నాకు ఎప్పుడో తెలుసు. నాగబాబు కుడి పక్క అనగానే నేనెందుకు అరిచానో అప్పుడూ తెలుసు. స్పీకరు కుడి పక్కన కనపడితే యేసుకుమార్ అడుగుతాడు. అడిగితే ఫాదర్ గారికి తెలుస్తుంది. తెలిస్తే తాళాలు తీసుకుంటారు. జీపు లేకపోతే నేనెవరిని? మూడో తరగతి చదివిన ముసలివాణ్ణి.

సెప్టెంబరు 6, శనివారం

రోజూ పొద్దున ఎనిమిదింటికి మూడు సెట్లూ ఒకసారి పలకరించుకోవాలని నియమం. ఆ వేళకి ఫాదర్ గారు, నర్సులు, సిస్టర్లు అందరూ ఆ గదిలోనే కాఫీ తాగుతారు. ఎదురుగా నిలబడి చెప్పడం నావల్ల కాదు. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను.

సిస్టర్ గారు పిలిచారు. ఇంజను ఆపాను. తల తిప్పి కుడి చెవి స్పీకరు వైపు పెట్టాను. బటన్ నొక్కి, ఆ పిల్ల నేర్పినట్టు ఒక్క క్షణం ఆగాను.

"ఒకటో నంబరు బండి నుంచి మాట్లాడుతున్నాను. ఆ రోజు హెప్సిబా చింతలంక అనే చెప్పింది. నాకు ఎడమ చెవి వినపడదు. మూడేళ్ళ పైనే అయింది, ఎవరికీ చెప్పలేదు. వినపడకపోయినా ఊ అన్నాను. పేరు తిరిగి చెప్పమంటే మళ్ళీ ఊ అన్నాను. తప్పు నాది. పెద్దింట్లమ్మ వేలు నా లెక్కలో రాయండి, ఆ పిల్ల లెక్కలో కాదు. ఓవర్."

నొక్కినంతసేపూ ఎవరూ అడ్డు రాలేరు. ఈ సెట్టులో అదొక మేలు.

వదిలాను. ఏమీ లేదు. ఎవరూ మాట్లాడలేదో, మాట్లాడినా నాకు అందలేదో తెలియలేదు. అప్పుడు యేసుకుమార్ గొంతు వచ్చింది, వాడు నవ్వడం లేదు.

"తాతా, విన్నాం. ఓవర్."

తాళాలు నేనే తీసుకెళ్ళి ఫాదర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన తాళాలు తన వైపు జరుపుకున్నారు.

"ఆ రోజే చెప్పి ఉంటే, అంతోనీ గారూ."

"చెప్పాల్సింది ఫాదర్ గారూ."

హెప్సిబా కాగితం అప్పుడే తెప్పించి సంతకం పెట్టారు. నన్ను బెజవాడ చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. అప్పటిదాకా జీపు ముట్టుకోవద్దన్నారు. వస్తూ వస్తూ అడిగాను, పోయిన శనివారం నాకు ప్రాయశ్చిత్తం ఎన్ని జపాలు ఇచ్చారని.

"మూడు పరలోక జపాలు. ఎందుకు?"

"ఇరవై చెప్పాను."

ఫాదర్ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. నవ్వారేమో.

సెప్టెంబరు 8, సోమవారం

బస్సులో చింతలంక వెళ్ళాను. పెద్దింట్లమ్మని నిన్ననే ఇంటికి తెచ్చారు. చేతికి కట్టు. రాముడితో అంతా చెప్పాను. విని, వల బాగు చేసుకుంటూనే అన్నాడు.

"నీ చెవి సంగతి నాకెందుకు పెద్దాయనా? ఈసారి ఎవరు పిలిచినా ఊరి పేరు రెండుసార్లు అడుగు."

"అడుగుతాను."

పెద్దింట్లమ్మ మంచం మీదనుంచి అంది: "రాకుండా పోలేదుగా. ఆయనకి మజ్జిగ ఇవ్వు."

రాముడు లేవలేదు. చాలాసేపటికి లేచి ఇచ్చాడు.

సెప్టెంబరు 11, గురువారం

చెవి డాక్టరు ఎడమది పోయిందన్నాడు, ఇక రాదన్నాడు. కుడిది బాగుంది, బండి తోలవచ్చని కాగితం రాశాడు. ఫాదర్ గారు కాగితం చదివి, హెప్సిబా పరీక్ష పెడుతుంది, అందులో ఒక్క ఊరు తప్పినా జీపు యేసుకుమార్‌ది అన్నారు. న్యాయమే.

సెప్టెంబరు 12, శుక్రవారం

నాగబాబుని పిలవలేదు. కుడి డోరు పక్కన స్తంభానికి రెండు చిల్లులు నేనే వేశాను. స్పీకరు విప్పి అక్కడ బిగించాను. తీగ చాలకపోతే అతుకు వేసి టేపు చుట్టాను. యేసుకుమార్ వచ్చి చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను.

"ఇంకో అంగుళం పైకి పెట్టు తాతా, డోరు వేస్తే తగులుతుంది" అన్నాడు.

పైకి జరిపాను.

తరవాత జీపు కరకట్ట మీద, ఇసుక లారీలు తిరిగే చోటే పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను ఆపవద్దని ఫాదర్ గారి షరతు. హెప్సిబా ఒక్కో ఊరూ చెప్పింది. నేను ఒక్కో ఊరూ తిరిగి చెప్పాను, చిలకలాగా. తొమ్మిది సరిపోయాయి. పదోది చెబుతుంటే ఒక లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. లంక అన్నది ఒక్కటే చేరింది.

వేలు బటన్ మీద ఉంది. ఊ నోటిదాకా వచ్చింది.

"వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పు. ఓవర్."

పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో, లారీల్లో, జీపుల్లో, గుళ్ళో ఎవరితోనూ అనని మాట.

"పాసయ్యారు తాతగారూ" అంది. "చింతలంక. ఓవర్."

"చింతలంక. చింతచెట్టు చింత. ఓవర్."

సెప్టెంబరు 14, ఆదివారం

గుడి నుంచి వచ్చాక శౌరమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. నేను ఎడమ పక్కన ఉన్నాను. ఏదో అంది. లేచి కుర్చీ అవతలకి తీసుకెళ్ళి వేసుకున్నాను.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

చేతులు ఆపి నన్ను చూసింది.

"ఈరోజుదేనా, మూడేళ్ళదీ చెప్పమంటావా?"

"మూడేళ్ళదీ చెప్పు."

"మా తమ్ముడు పోయినప్పటి నుంచి చెప్పాలి."

"అక్కడినుంచే చెప్పు."

చెప్పడం మొదలుపెట్టింది. పులుసు మధ్యాహ్నానికి కాలేదు, సాయంత్రానికీ కాలేదు. ఊ కొట్టాను, ప్రతి మాటా విన్నాక.